స్కాట్లండ్ యేటిలో సాల్మన్‌కు గాలం వేయాలంటే ఎవరినడగాలి, ఎంతవుతుంది?

ప్రశ్న: మాది కర్నూలు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాను, వయసు 62. సుంకేసుల దగ్గర తుంగభద్రలోనూ కె.సి. కాలువ గట్ల మీదా 30 ఏళ్లుగా గాలం వేస్తున్నాను. మా అమ్మాయి స్కాట్లండ్‌లోని డండీలో ఉద్యోగం చేస్తోంది. ఆగస్టు, సెప్టెంబరు నెలలు అక్కడే ఉంటాం. దగ్గర్లో టే అనే నది ఉంది, సాల్మన్ చేపలు పడతాయి అని అల్లుడు చెప్పాడు. లైసెన్సు ఎక్కడ తీసుకోవాలి? ఖర్చెంత? నా గాలాలు తీసుకుపోవచ్చా? పడిన చేపను ఇంటికి తెచ్చుకోవచ్చా?

సమాధానం: లైసెన్సు ఎక్కడ అని అడిగారు. స్కాట్లండ్‌లో గాలానికి ప్రభుత్వ లైసెన్సే లేదు. లేదు కదా అని గట్టు మీద కూర్చుని గాలం విసిరితే మాత్రం కేసవుతుంది. అక్కడ అడగాల్సింది సర్కారును కాదు, ఆ నీళ్ల మీద హక్కున్నవాళ్లను.

సాల్మన్ పట్టే హక్కు అక్కడ ఒక స్థిరాస్తి. గట్టు మీది పొలం ఒకరిదైతే, దాని ముందున్న నీళ్లలో సాల్మన్ పట్టే హక్కు ఇంకొకరి పేరున ఉండొచ్చు. మన పల్లెల్లో చింతచెట్లు గుత్తకిస్తారు చూడండి, నేల ఒకరిది, కాపు ఇంకొకరిది, అట్లా అనుకోండి. కాకపోతే మన గుత్త ఒక కాపుతో తీరిపోతుంది. అక్కడి హక్కు పత్రాలకెక్కి, తరతరాలుగా అమ్ముడవుతూ చేతులు మారుతుంది. ఇట్లా ఒక్కో యజమాని చేతిలో ఉన్న నది ముక్కను ‘బీట్’ అంటారు, మన ఫారెస్టు బీటు లాగానే. రాతపూర్వక అనుమతి లేకుండా బీట్‌లో సాల్మన్‌కు గాలం వేయడం 2003 నాటి స్కాట్లండ్ మత్స్య చట్టం ప్రకారం క్రిమినల్ నేరం. ‘వాటర్ బేలిఫ్’ అనే నది కాపలా ఉద్యోగులు తిరుగుతుంటారు. ఆపి సోదా చేయడానికీ, సామాను స్వాధీనం చేసుకోవడానికీ వాళ్లకు అధికారం ఉంది.

కొత్తగా వచ్చినవాళ్లు పొరబడేది ఇంకోచోట. అదే 2003లో వచ్చిన భూ సంస్కరణల చట్టం, చాలావరకు ఎవరి భూమి మీదైనా పద్ధతిగా నడిచే హక్కు అందరికీ ఇచ్చింది. నది గట్టు మీద నడవొచ్చు, కూర్చుని పులిహోర తినొచ్చు. కానీ వేటనూ చేపలు పట్టడాన్నీ ఆ హక్కు నుంచి అదే చట్టం మినహాయించింది. ‘ఇక్కడ అందరూ తిరుగుతున్నారు కదా’ అన్న మాట బేలిఫ్ ముందు నిలబడదు.

ఇంగ్లండ్, వేల్స్ పద్ధతి వేరు. అక్కడ ముందు ప్రభుత్వ రాడ్ లైసెన్సు, దాని మీద యజమాని పర్మిట్, రెండూ కావాలి. సాల్మన్‌కు ఏడాది లైసెన్సు 90 పౌండ్ల పైచిలుకు, ఒక్కరోజుది 13 పౌండ్ల చిల్లర. ఇంటర్నెట్‌లో ‘యూకే ఫిషింగ్ లైసెన్స్’ అని వెతికితే మొదట వచ్చేది ఇదే. మీరు టే దగ్గర పట్టేటట్టయితే ఈ డబ్బు దండగ. సరిహద్దులో రెండు నదులది మాత్రం తిరకాసు. ట్వీడ్ ఇంగ్లండ్ వైపున్న చోట కూడా ఈ లైసెన్సు అక్కర్లేదు. బోర్డర్ ఎస్క్‌కు స్కాట్లండ్ వైపు కూడా కావాలి.

ఇక చోటు. డండీ దగ్గర మీకు కనబడే టే నది కాదు, సముద్రపు పాయ. దాని మీది రైలు వంతెనే రెండు మైళ్లకు పైన ఉంటుంది. సాల్మన్ బీట్లు పెర్త్ ఊరి నుంచి పైకి, స్టాన్లీ, కేపత్, డంకెల్డ్ వైపు ఉంటాయి. డండీ నుంచి పెర్త్‌కు సుమారు 35 కిలోమీటర్లు, రైలుంది. పెర్త్ దాటాక మాత్రం కారు లేకపోతే కష్టం. పర్మిట్ రసీదులో పార్కింగ్ చోటు రాసి ఉంటుంది. అది తప్పి పొలం గేటు ముందు కారు పెట్టడం అక్కడ పెద్ద తప్పు.

పర్మిట్లు మూడు దారుల్లో దొరుకుతాయి. ఒకటి, ఫిష్‌పాల్ అనే బుకింగ్ వెబ్‌సైటు. టే, ట్వీడ్, డీ లాంటి నదుల బీట్లు చాలావరకు అందులో ఉంటాయి, ఏ రోజు ఎన్ని ‘రాడ్లు’ ఖాళీయో కనబడుతుంది. ఇక్కడ రాడ్ అంటే కర్ర కాదు, మనిషి. నాలుగు రాడ్ల బీట్ అంటే రోజుకు నలుగురే. రెండోది, ఊళ్లలోని ఆంగ్లింగ్ క్లబ్బులు, సంఘాలు. ఊరి పొడవునా ఉన్న నీళ్ల హక్కు సంఘం చేతిలో ఉంటుంది, బయటివాళ్లకు రోజు టికెట్లు ఇస్తారు. చవకైన దారి ఇదే. కొన్ని సంఘాలు ఆ ఊళ్లో బస చేసినవాళ్లకే టికెట్ ఇస్తాయి, ముందే అడగండి. మూడోది, గాలాల సామాను దుకాణం. అక్కడ టికెట్‌తో పాటు ఈ వారం ఏ ఎరకు పడుతోందో కూడా చెబుతారు. రీలు దారం ఒకటి కొని అడిగితే ఇంకా బాగా చెబుతారు.

డబ్బు సంగతికి వద్దాం. పౌండుకు 115 రూపాయలని లెక్క వేసుకోండి. సంఘాల నీళ్లలో రోజు టికెట్ సుమారు 30 నుంచి 50 పౌండ్లు. మధ్యరకం ప్రైవేటు బీట్ 60 నుంచి 150. పేరున్న బీట్, మంచి వారం అయితే రోజుకు కొన్ని వందల పౌండ్లు పలుకుతుంది. ఒకే బీట్‌లో ఒక నెలకూ ఇంకో నెలకూ ధర రెండు మూడు రెట్లు తేడా ఉంటుంది. ఎందుకంటే అమ్మేది నీళ్లను కాదు, ఆ వారంలో చేప ఎదురయ్యే అవకాశాన్ని.

ఆ అవకాశం ఎంతో లెక్క వేసుకోవచ్చు. ఏ బీట్‌కైనా ఈమెయిల్ రాసి, మీరనుకున్న వారానికి ఐదేళ్ల సగటు ఎన్ని చేపలని అడగండి. చెప్పడానికి వాళ్లు నొచ్చుకోరు, అడగనివాళ్లే తక్కువ. ఉదాహరణకు నాలుగు రాడ్ల బీట్, వారానికి ఆరు రోజులు, మొత్తం 24 రాడ్ రోజులు. సగటు 12 చేపలైతే ఒక్కో మనిషికి రెండు రోజులకు ఒకటి. సగటు 4 అయితే ఆరు రోజులకు ఒకటి. అదీ చెయ్యి తిరిగినవాళ్లు కూడా కలిసిన సగటు. కొత్తవాళ్లకు ఇందులో సగం అనుకోవడం మేలు. రోజుకు 40 పౌండ్లు చవక అనిపించి, ఆరు రోజులకు ఒక్క చేప కూడా రాని బీట్ తీసుకున్నవాళ్లే ఎక్కువగా బాధపడతారు.

రోజులు ఎంచుకునేటప్పుడు మొదట గుర్తుండాల్సింది ఆదివారం. స్కాట్లండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టడం చట్టవిరుద్ధం. అమ్మాయికి, అల్లుడికి సెలవు శని, ఆదివారాలే అనుకుంటే మీకు మిగిలేది శనివారం ఒక్కటే. అందరికీ కావాల్సిందీ అదే కాబట్టి ముందు అమ్ముడైపోతుంది. టే సీజను జనవరి 15 నుంచి అక్టోబరు 15 దాకా. మీ రెండు నెలల్లో సెప్టెంబరు నయం. ఆగస్టులో నీరు తగ్గి, కాస్త వెచ్చబడి, చేప మడుగుల్లో కదలకుండా ఉంటుంది. పైగా ‘మిడ్జ్’ అనే నుసుమంత దోమలు సాయంత్రం చెవుల్లో దూరతాయి. టే పెద్ద చెరువుల్లోంచి వచ్చే నది కాబట్టి చిన్న ఏర్లలా ఎండిపోదు. వాన పడితే మాత్రం మన లెక్కే అక్కడా పనిచేస్తుంది. కొత్త నీరు ఎగదన్నుకొస్తున్నప్పుడు గాలం వేసి లాభం లేదు. నీరు తగ్గుముఖం పట్టి, బురద విరిగి, కాఫీ డికాషన్ రంగులో తేటపడే ఒకటి రెండు రోజులే అసలైనవి. మన ఎర్రనీళ్లు కావవి, పైనున్న పీట్ నేలల, అంటే నాచు మాగి పేరుకున్న నేలల రంగు. నది మట్టాలు స్కాట్లండ్ పర్యావరణ సంస్థ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. వరద వచ్చి రోజు పోయినా చాలా బీట్లు డబ్బు వాపసు ఇవ్వవు. ఆ షరతు చదివాకే కట్టండి.

మీ సామానులో చాలావరకు ఇంట్లోనే వదిలేయండి. బెండు కట్టి వానపాము గుచ్చి కూర్చునే పద్ధతి అక్కడ పనికిరాదు. చాలా నదుల్లో, బీట్లలో వానపాము, రొయ్య నిషిద్ధం. బతికిన చేపను ఎరగా పెట్టడం చట్టరీత్యా నేరం. చట్టం సంగతి అటుంచినా అసలు కారణం చేపలోనే ఉంది. సాల్మన్ సముద్రంలో తిని బలిసి, గుడ్లు పెట్టడానికి యేటికి ఎదురెక్కుతుంది, మన గోదావరి పులస లాగే. మంచినీళ్లలోకి వచ్చాక మేత ముట్టదు. ఆకలి లేని చేపకు ఎర పెట్టి లాభమేముంది? ముందు నుంచి ఏదో మెరుస్తూ పోతే చిరాకుకో, పాత అలవాటుకో నోట కరుచుకుంటుంది. అందుకే ఈకలతో కట్టిన ‘ఫ్లై’, లేదా తిరిగే లోహపు ‘స్పిన్నర్’. ఫ్లైకి 13 నుంచి 15 అడుగుల, రెండు చేతులతో పట్టే రాడ్ వాడతారు. అది ఒక్కరోజులో పట్టుబడేది కాదు. మీకు రీలు తిప్పడం అలవాటే కాబట్టి, స్పిన్నింగ్ ఒప్పుకునే బీట్ తీసుకుంటే సగం కష్టం తగ్గుతుంది. 9 నుంచి 10 అడుగుల స్పిన్నింగ్ రాడ్, 15 నుంచి 20 పౌండ్ల బరువాపే దారం, 18 నుంచి 30 గ్రాముల స్పిన్నర్లు చాలు. పర్మిట్ మీద ‘ఫ్లై ఓన్లీ’ అని ఉంటే స్పిన్నర్ పెట్టెలోంచి తీయొద్దు. కొన్ని బీట్లలో నీటిమట్టం ఇంతకు పైనుంటేనే స్పిన్నింగ్ అన్న నియమం కూడా ఉంటుంది.

మీ రాడ్ తీసుకుపోవాలనే ఉంటే గట్టి గొట్టంలో పెట్టి చెకిన్ సామానులో వేయండి. కొక్కేలు, కత్తెర చేతిసంచిలో ఉంటే శంషాబాద్‌లోనే తీసేస్తారు. ఏ నదిలోనైనా వాడిన వల, బూట్లు, దారం బాగా కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టి మరీ తీసుకుపోవాలి. నార్వేలోని కొన్ని నదుల్లో సాల్మన్‌ను తుడిచిపెట్టిన ఒక పరాన్నజీవి బ్రిటన్‌కు ఇంకా రాలేదు. తడి సామానుతో వస్తుందేమోనని అక్కడివాళ్లకు ప్రాణభయమంత భయం. విదేశంలో వాడిన సామాను అంటే కొన్ని బీట్లలో మందునీళ్లలో ముంచి కడిగించాకే ఒప్పుకుంటారు. ఆ తంటా కన్నా రాడ్, ఛాతీ దాకా వచ్చే నీళ్లు దూరని బూటు ప్యాంట్లు, అంటే ‘వేడర్లు’ కలిపి అద్దెకు తీసుకోవడం సుఖం. రోజుకు 30 నుంచి 50 పౌండ్లలో వస్తాయి.

బీట్‌లో ఉండే మనిషిని ‘గిల్లీ’ అంటారు. ఏ రాయి పక్కన చేప ఆగుతుందో, ఎక్కడ కాలు జారుతుందో అతనికే తెలుసు. పెద్ద బీట్లలో గిల్లీ, పడవ అద్దెలోనే కలిసి ఉంటాయి. చిన్నవాటిలో ఉండడు. రోజు చివర రాడ్‌కు 20 పౌండ్లు చేతిలో పెట్టడం ఆనవాయితీ. చేప పడలేదని తగ్గించడం మర్యాద కాదు. పొద్దున తొమ్మిదికి మొదలై సాయంత్రం ఐదుకు ముగియడం మామూలు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తప్పదు.

ఇప్పుడు నీళ్లలో దిగాక. మన దగ్గర ఒక చోటు పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చుంటాం. అక్కడ అట్లా కూర్చుంటే వెనకున్నవాళ్లు మర్యాదగానే గొణుగుతారు. మడుగు పైతలలో మొదలుపెట్టాలి. ఆవలి గట్టు వైపు, కొంచెం దిగువకు, 45 డిగ్రీల వాలులో విసరాలి. ప్రవాహం ఫ్లైని ఒక చాపంలా మీ వైపు గట్టు దాకా ఈడ్చుకొస్తుంది. దారం మీకు సూటిగా దిగువన నిలిచాక లాక్కుని, రెండు అడుగులు కిందికి నడిచి మళ్లీ విసరాలి. అట్లా మడుగు చివర దాకా దిగాక బయటికొచ్చి, నడిచి పైతలకు పోవాలి. ఎవరూ ఎవరి ముందూ దిగకూడదు. కొత్తగా వచ్చినవాళ్లు అందరి వెనకే.

చేప తగిలినప్పుడు మీ 30 ఏళ్ల అలవాటే మీకు శత్రువు. బెండు మునగగానే చెయ్యి దానంతటదే ఎగురుతుంది కదా, ఫ్లైకి అది కొంప ముంచుతుంది. సాల్మన్ ఫ్లైని నోట కరుచుకుని వెనక్కి తిరుగుతుంది. తిరిగేదాకా ఆగితే కొక్కెం దవడ మూలకు పోయి తగులుకుంటుంది. ముందే లాగితే నోట్లోంచి ఊడొస్తుంది. మొదట రెండు మూడు చిన్న తట్టులు తెలుస్తాయి, అప్పుడేమీ చేయొద్దు. దారం నెమ్మదిగా బరువెక్కి, రీలు ఒకటి రెండు చుట్లు తానే తిరిగాక రాడ్ పైకెత్తండి. స్పిన్నర్‌కు ఈ బాధ లేదు, మీరు తిప్పుతూనే ఉంటారు కాబట్టి దానంతటదే తగులుకుంటుంది.

వేడర్ల నడుముపట్టీ బిగించకుండా నీళ్లలో అడుగు పెట్టొద్దు. పడితే లోపలికి నీళ్లు చేరేది ఆ సందులోంచే. అడుగు ఎత్తి వేయకుండా జరుపుతూ, చేతికర్ర ఆనించి, తొడ లోతుకు మించకుండా నిలబడండి. పొరపాటున కొట్టుకుపోతే వెల్లకిలా తిరిగి, కాళ్లు దిగువకు పెట్టి, గట్టు వైపు చేతులు ఆడించండి. సెప్టెంబరు నీళ్లు చల్లగా ఉంటాయి, సుంకేసుల ఈత అక్కడికి పనికిరాదు.

చేపను ఇంటికి తెచ్చుకోవచ్చా అంటే, తెచ్చుకోలేరనే అనుకుని బయల్దేరండి. స్కాట్లండ్ ప్రభుత్వం ఏటా నదులను మూడు గ్రేడులుగా విడదీస్తుంది. మూడో గ్రేడు నదిలో పడిన ప్రతి సాల్మన్‌నూ వదిలేయాలి, లేకపోతే నేరం. ఏ నదిలోనైనా మార్చి ఆఖరు దాకా పడినవన్నీ వదలాల్సిందే. మిగతా నదుల్లో చట్టం ఒప్పుకున్నా బీట్ నియమం ఒప్పుకోకపోవచ్చు. బుక్ చేసే ఏడాది గ్రేడు, బీట్ నియమం రెండూ అడగాలి. గాలానికి పడిన సాల్మన్‌ను అమ్మడం పూర్తిగా నిషిద్ధం. ఇంత కట్టడి ఎందుకంటే చేప తగ్గిపోతోంది. 2023లో స్కాట్లండ్ మొత్తం మీద గాలాలకు పడినవి 32 వేల చిల్లర, 1952లో లెక్కలు మొదలయ్యాక అప్పటికి అదే అతి తక్కువ. అందులోనూ నూటికి 95కి పైగా తిరిగి నీళ్లలోకే పోయాయి. ఇదే టేలో, 1922 అక్టోబరు 7న, కేపత్ దగ్గర జార్జినా బాలంటైన్ అనే ఆమె 64 పౌండ్ల సాల్మన్ పట్టింది, అంటే 29 కిలోలు. బ్రిటన్‌లో ఆ రికార్డు ఇప్పటికీ చెరగలేదు. ప్రకటనల్లో ఆ కథ చదివి ఎవరూ ఆశ పెంచుకోవద్దు.

వదలడానికీ పద్ధతుంది. కొక్కెం ముల్లును ముందే శ్రావణంతో నొక్కేయండి. ముడులు లేని మెత్తటి వల వాడండి. చేపను వలతో నీళ్లలోనే ఉంచి, చేయి తడిపి, కొక్కెం తీయండి. తోక పట్టి వేలాడదీసి ఫొటో దిగొద్దు, ఆ బరువుకు లోపల దెబ్బ తగులుతుంది. తల ప్రవాహానికి ఎదురుగా పెట్టి పట్టుకుంటే మొప్పలాడి, బలం రాగానే తనే మీ చేతిలోంచి తన్నుకుపోతుంది. తినాలనిపిస్తే సూపర్ మార్కెట్‌లో పెంపకపు సాల్మన్ ముక్కలు దొరుకుతాయి. చింతపండు పులుసులో బాగానే నిలబడుతుంది. దాని నూనె దానికే చాలు కాబట్టి మీరు పోసేది సగానికి తగ్గించండి.

చేప పట్టి వండుకోవాలన్నదే అసలు సరదా అయితే, సముద్రం వైపు తిరగండి. సముద్రంలో గాలం వేయడానికి పర్మిట్ లేదు, టికెట్ లేదు. ఆగస్టులో డండీకి పైనున్న ఆర్బ్రోత్ లాంటి రేవుల్లో మాకెరల్ గుంపులుగా వస్తుంది, మన కోస్తావాళ్ల కానాగంతకు చుట్టం. ఆదివారం కూడా పట్టొచ్చు. పొరపాటున సాల్మన్ తగిలితే మాత్రం వదిలేయాలి. ట్రౌట్ అనే మంచినీటి చేప ఇంకో దారి, అక్టోబరు 6 దాకా సీజను. రోజు టికెట్ చాలాచోట్ల 10, 15 పౌండ్లలోనే, చట్టం ఆదివారం అడ్డు పెట్టదు. అయితే ట్రౌట్ టికెట్ జేబులో పెట్టుకుని సాల్మన్ పట్టకూడదు. టే పరివాహకంలో ట్రౌట్‌కైనా పర్మిట్ లేకపోతే నేరమే.

మీ స్థానంలో ఉన్నవాళ్లకు మేం చెప్పే లెక్క ఇది. మొదటి రోజు సామానుతో సహా నేర్పించే గైడ్, సుమారు 250 పౌండ్లు. తర్వాత సెప్టెంబరులో రెండు రోజులు, 80 చొప్పున మధ్యరకం బీట్, 160. ఆ రెండు రోజులకు సామాను అద్దె 80. గిల్లీకి 40. మొత్తం 530 పౌండ్లు, మన డబ్బులో దాదాపు 61 వేలు. ప్రయాణం, తిండి వేరు. గైడ్‌ను మానేసి ఆ డబ్బుతో ఇంకో మూడు రోజులు బీట్ కొందామనిపిస్తుంది. అట్లా చేసినవాళ్లు మూడు రోజులూ చెట్ల కొమ్మల్లోంచి కొక్కేలు తీసుకుంటూ గడుపుతారు.

ఒక పర్మిట్‌కు ఒక మనిషి, ఒక గాలం. ‘నువ్వోసారి విసురమ్మా’ అని అమ్మాయి చేతికిస్తే, ఆమె పేరున టికెట్ లేకపోతే అదీ తప్పే. ఇద్దరికీ కలిపి ‘షేర్డ్ రాడ్’ ఇచ్చే బీట్లున్నాయి, బుక్ చేసేటప్పుడే అడగండి.

పర్మిట్ కాగితం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో వేసి జేబులోనే ఉంచుకోండి, ఫోన్లో ఉందంటే వాగుల మధ్య సిగ్నల్ ఉండదు. సాయంత్రం వెళ్లేముందు పట్టిన చేపల చీటీ నింపి ఇవ్వాలి. ఏమీ పడకపోయినా సున్నా అని రాసి ఇవ్వాలి. వచ్చే ఏడాది మీలాంటివాళ్లు అడిగే ఐదేళ్ల సగటులో ఆ సున్నా కూడా కలుస్తుంది.